కాగులోకి దిగే రోజు

ఆ చక్రాన్ని మా తమ్ముడు కొమురెల్లి భుజాన వేసుకొని ఇంటికి తెచ్చాడు. ఐదు చువ్వల ఇనుప చక్రం. అన్నం తినే పళ్లెం కంటె కొంచెం పెద్దది. దాన్ని వంటింటి మూలన పెట్టి, మీద నీళ్ల బిందె ఎక్కించి, రెండడుగులు వెనక్కి వేసి చూసుకున్నాడు.

“ఇగ బిందె ఒరగదక్కా. కుదురు పాడైందని మొన్నటి సంది మొత్తుకుంటానవు గదా.”

“ఇదెక్కడిదిరా?”

“కాగు వాల్వుది. బావ దీన్ని నౌకరి నుంచి తీసేసిండు. గాలి సిలిండరు వచ్చినంక దీనికేం పని?”

బావ అంటే నా భర్త రాంచందర్. ఇద్దరూ ఒకే మిల్లులో పనిచేసేవాళ్లు. అది పెద్ద మిల్లేమీ కాదు. ఒక షెడ్డులో మగ్గాలు, ఇంకో షెడ్డులో గుడ్డను తెల్లబరిచే కాగు. మా ఆయన డిప్లొమా చదివి, బాయిలరూ పైపులూ చూసే సూపర్‌వైజరయ్యాడు. తమ్ముడు ఆ కాగు దగ్గర పనివాడు. వాడి భార్య కాన్పుకని తొర్రూరులో తల్లిగారింటికి పోయింది గనుక ఆ రోజుల్లో తిండీ పడకా మా ఇంట్లోనే.

కాగు అని మాటకు అంటారు గాని అది ఇళ్లలో నీళ్లు కాచుకునే కాగు కాదు. మనిషి మీద మనిషి నిలబడితే ఎంత ఎత్తో అంత ఎత్తున్న ఇనుప పీపా. గుడ్డనంతా అందులో కుక్కి, సోడా నీళ్లు పోసి, మూత బిగించి, బాయిలరు నుంచి ఆవిరి వదులుతారు. ఆవిరిని వదిలేందుకూ ఆపేందుకూ ఉన్నది ఒక్కటే వాల్వు. దాని చక్రమే మా వంటింటికి వచ్చింది.

అంతకు ముందటి ఎండాకాలంలో కాగు పక్కనున్న పైపు జాయింటు విడిపోయింది. షెడ్డంతా ఆవిరి నిండింది. మొగిలయ్య అనే పనివాడు చక్రం తిప్పి ఆవిరి ఆపుదామని లోపలికి ఉరికాడు. సగం దాకా తిప్పాడట. దవాఖానకు తీసుకుపోయేటప్పుడు మాట్లాడుతూనే ఉన్నాడు, తెల్లారేసరికి పోయాడు. అతని భార్య కట్టమ్మది మా పక్క ఇల్లే. అప్పటినుంచి మిల్లు కూత వేసినప్పుడల్లా కట్టమ్మ చేతిలో పని వదిలేసి గడప దాకా వచ్చి నిలబడేది. కూత ఆగాక లోపలికి పోయేది.  ఆ అలవాటు నాకూ అంటుకుంది. నేను గడప దాకా పోను గాని చేసే పని మాత్రం చేతిలోనే ఆగిపోతుంది.

మొగిలయ్య పోయాక మిల్లువాళ్లు ఆలోచనలో పడ్డారు. వాల్వును షెడ్డు బయటినుంచే మూసేటట్టు ఏదైనా చెయ్యమని మా ఆయనకు చెప్పారు. ఆ వానాకాలమంతా ఆయనకు అదే ధ్యాస. మొదట కరెంటు మోటారు పెడదామనుకున్నాడు. కాని ఆ షెడ్డులో ఎప్పుడూ తడి, సోడా పొగలు, పైగా కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం. అందుకని దాన్ని వదిలేశాడు. మగ్గాల మీది నూగును ఊదడానికి మిల్లులో గాలి పైపులు ముందే ఉన్నాయి. ఆ గాలితోనే నడిచే సిలిండరును వాల్వు మీద పెడితే, బయట గోడకున్న చిన్న పిడిని తిప్పగానే లోపల వాల్వు మూసుకుంటుంది. గాలి పోయినా స్ప్రింగు బలంతో దానంతట అదే మూసుకునే రకం కూడా ఉందట. అది బొంబాయి నుంచి రావాలి. వచ్చేసరికి దసరా దాటుతుంది. మేనేజరు లక్ష్మీనారాయణ గారికేమో ఆయుధపూజనాడు ఆ కొత్త సిలిండరుకు కుంకుమ పెట్టాలని పట్టుదల.

ఇక మిగిలింది ఎంత సిలిండరు పెట్టాలన్నది. ఆయన సాయంత్రాలు వంటింటి గచ్చు మీద సుద్దముక్కతో లెక్కలు వేసేవాడు. నేను పొయ్యి ముందు, తమ్ముడు గోడకు ఆనుకొని.

“అన్నం గిన్నె మీద మూత ఉన్నదనుకో,” అని చెప్పాడొకరోజు. “కిందినుంచి ఆవిరి మూతను లేపుతాంది. పైనుంచి నువ్వు చేత్తోని ఒత్తుతానవు. ఎవరి బలం ఎక్కువుంటె వాళ్ల మాట నడుస్తది.”

“మనింట్ల లెక్కనే,” అన్నాడు కొమురెల్లి. “అక్క ఒత్తుతాంది, నువ్వు లేస్తలేవు.”

“నువ్వు నోరు మూస్కొని తినరా,” అన్నాను.

ఆయన నవ్వాడు గాని చూపు గచ్చు మీదనే ఉంది. ఆవిరి వాల్వు మూతను పన్నెండు వందల యాభై పౌన్ల బలంతో లేపుతుంది. ఐదంగుళాల సిలిండరైతే, గేజులో గాలి ఎనభై ఉన్నప్పుడు, పదిహేను వందల డెబ్బై పౌన్లతో పైనుంచి ఒత్తుతుంది. ఐదంగుళాలది సికింద్రాబాదు దుకాణంలో సిద్ధంగా ఉంది. ఆరంగుళాలది ఎక్కడినుంచో తెప్పించాలి.

“ఆరంగుళాలదైతె ఇంత ఆలోచన ఉండకపోవు,” అన్నాడు నెమ్మదిగా, మా ఇద్దరితో కాదన్నట్టు.

“మరి అదే తెప్పించుండ్రి,” అన్నాను.

“దసరాకు అందదు. ఐదు సరిపోతది. మూడు వందలు ఎక్కువనే ఉన్నది గదా.”

ఆయనకు నమ్మకం కుదరని మాట చెప్పేటప్పుడు పైపెదవి కొరుక్కునే అలవాటు. ఆ మాట అన్నాక కొరుక్కున్నాడు. తెల్లారి గచ్చు తుడుస్తుంటే ఆ మూడు వందల అంకె దగ్గర నా చెయ్యి ఆగింది. ఇంత పెద్ద కాగుకు, ఒక మనిషి ప్రాణానికి మధ్య ఉన్నది ఇంతేనా అనిపించింది. తడిగుడ్డ పెట్టి తుడిచేశాను. ఆయనతో ఏమీ అనలేదు. చదువుకున్నాయన వేసిన లెక్కకు నేనేం అడ్డు చెప్తాను?

సిలిండరు వచ్చింది. బిగించి, పిడి తిప్పి చూపించారు. టక్కుమని మూసుకుందట. కొమురెల్లి ఇంటికొచ్చి ఆ శబ్దాన్ని నాలుకతో చేసి చూపించాడు. మరునాడే చక్రాన్ని భుజాన వేసుకొచ్చాడు.

ఆ సాయంత్రం కట్టమ్మ చాట తిరిగివ్వడానికి వచ్చింది. నేను గ్లాసులో నీళ్లు ముంచి ఇచ్చాను. తాగబోతూ బిందె కింద ఉన్నదాన్ని చూసింది. గ్లాసును అట్లాగే కింద పెట్టింది.

“ఇంట్ల పెట్టుకున్నవా అనసూయా, దీన్ని?”

 మొగిలయ్య చేతులు చివరిసారి పట్టుకున్నది దాన్నేనని అప్పటిదాకా నాకు తట్టలేదు. తీసేస్తానన్నాను.

“ఉండనీ తియ్. ఇనుమేం చేసిందిగని.” అని వెళ్లిపోయింది. ఆ తర్వాత మా ఇంటికి వచ్చినా వంటింటి గుమ్మం దాటలేదు, నీళ్లు అడగలేదు.

సద్దుల బతుకమ్మ ముందురోజు సాయంత్రం ముగ్గురం అన్నాల ముందు కూర్చున్నాం. మా మిల్లులో ఆయుధపూజకు ముందురోజు పండుగ దులుపుడు. అంటే సద్దుల నాడే. కొమురెల్లి మంచి హుషారుగా ఉన్నాడు.

“రేపు మా కాగుకు తానం అక్కా. ఏడాదికొక్కపారి. నేనే లోపలికి దిగి గోడలకు పట్టిన సున్నమంత గీకుతా. పూజకు అద్దం లెక్క మెరవాలె.”

“లోపలికి దిగుతవా?” నా చేతిలో ముద్ద ఆగింది.

“ఏటేట దిగేదే గదా. మీద చిన్న మూత ఉంటది, అందుల నుంచి నిచ్చెన ఏసుకొని దిగుడే.”

“మరి ఆవిరి?”

“బంద్ పెట్టినంకనే దిగుతం. ఇదివరకు చక్రం తిప్పి తిప్పి చేతులు గుంజేది. ఇప్పుడు పిడి ఇట్లంటె చాలు. బావ సిలిండరు ఉండంగ ఫికరేంది?”

“ఊరంత దులుపుకునే రోజు కాగులకు దిగకపోతె ఏమైతది? బాయిలరు ఆర్పినంక దిగరాదు?”

“నూలుకు గంజి పెట్టే షెడ్డుకు ఆవిరి కావాలె, బాయిలరు ఎట్ల ఆర్పుతరు? నువ్వు భయపడుడు, నన్ను భయపెట్టుడు.” పెరుగు కలుపుకుంటూ చెప్పుకుపోయాడు. “తొమ్మిది కూతకు మగ్గాలు బంద్ పెడుతరు. ఇగ ఒక్కొక్కడు ఒక్కో గాలి పైపు పట్టుకొని ఊదుడే ఊదుడు. ఆ నూగంత మా షెడ్డుకు కొట్టుకొస్తది. ఆ టైముకు కాగుల ఉన్నోడే మారాజు.”

మా ఆయన కూడా నవ్వాడు. ముగ్గురిలో ఎవరికీ ఆ మాటల్లో తప్పేమీ వినపడలేదు.

సద్దులనాడు తెల్లారకముందే లేచాను. తంగేడు, గునుగు పూలు ముందురోజే తెచ్చి పెట్టుకున్నాను. తమ్ముడు పొద్దున్నే చాయ తాగి పనికి పోయాడు. మా ఆయనకు తొమ్మిదికి పోతే చాలు. నేను పళ్లెంలో గుమ్మడి ఆకు పరిచి బతుకమ్మ పేర్చడం మొదలుపెట్టాను. నాలుగు వరుసలు పేర్చాక పూలు తడపడానికి నీళ్ల కోసం నల్లా దగ్గరికి పోయాను. మా క్వార్టర్ల వరుసకంతా ఒకటే పైపు. మాది రెండో ఇల్లు కావడంతో ధార ఎప్పుడూ గట్టిగా పడుతుంది. ఆ రోజు దారంలాగా వస్తున్నది.

ఆయన మొహం కడుక్కోవడానికి చెంబుతో వచ్చాడు.

“ఇయ్యాల నీళ్లకేమైంది?”

“ఏం కాలే. సద్దులు గదా. ఇంటింటికి తలలు పోసుకుంటాండ్రు, పూలు తడుపుతాండ్రు. అన్ని నల్లాలు ఒక్కసారే ఇప్పిండ్రు.”

ఆయన నల్లాను మొత్తం తిప్పాడు. ధార పెరగలేదు. దాని కింద వేలు పెట్టాడు. వేలు మీదుగా నీళ్లు జారిపోతున్నాయి గాని దాన్ని కిందికి నెట్టే బలం వాటికి లేదు. అట్లాగే చూస్తూ కూర్చున్నాడు. ఆయన మొహం నాకు పక్కనుంచే కనపడుతున్నది. పైపెదవి పళ్ల కిందికి పోయింది.

“ఏమైంది?” అన్నాను.

“గాలి గేజు నేను ఎప్పుడు చూసిన్నో తెలుసా?”

“నాకేం తెలుస్తది?”

“మగ్గాలు నడిచేటప్పుడు చూసిన. అప్పుడు గాలి ఎవ్వడు వాడడు. పిడి తిప్పి చూపెట్టింది కూడ అప్పుడే.” చెంబు కింద పెట్టాడు. “ఇయ్యాల తొమ్మిదికి అన్ని పైపులు ఒక్కసారే ఇప్పుతరు. గాలి అరవైకి పడిపోతది. ఇంక కిందికి పోయిన పోతది.”

నాకు ఇంకా పూర్తిగా అర్థం కాలేదు. 

“అరవైకి నా సిలిండరు పదకొండు వందల చిల్లరే ఒత్తుతది. కిందినుంచి ఆవిరి పన్నెండు వందల యాభై.” నావైపు చూశాడు. “వాల్వు మూసేదానికి లెక్క చూసిన అనసూయా. మూసినంక అట్లనే పట్టి ఉంచాలని చూడలే. మనిషి లోపల ఉంటడని చూడలే.”

అన్నం గిన్నె మీద మూత. కిందినుంచి ఆవిరి. పైన ఒత్తే చెయ్యి సడలితే మూత లేస్తుంది. లేచిన ఆవిరి పోయేది కాగులోకే. కాగులో కొమురెల్లి.

నేను వంటింట్లోకి ఉరికాను. బిందెను పక్కకు తోశాను. అది ఒరిగి నీళ్లన్నీ గచ్చు మీద పారాయి. చక్రాన్ని రెండు చేతులతో లేపుకొచ్చి ఆయన ముందు పెట్టాను.

“ఇది తీసుకపోండ్రి. దీంతోని బిగించుండ్రి.”

“అది పట్టదు. సిలిండరు పెట్టేటప్పుడు చక్రం కూసునే మర కడ్డీని కోసేసినం. దీన్ని పెట్టే జాగనే లేదక్కడ.” సైకిలు తీస్తూనే చెప్పాడు. “చక్రంతోని బిగిస్తె ఆవిరి ఎంత తన్నినా మర తిరగదు. గందుకే ఇన్నేండ్లు దిగిండ్రు, ఏం కాలే. నేనే ఆ మర తీసేసిన.”

“టైమెంతయింది?”

ఆయన చొక్కా గుండీలు కూడా పెట్టుకోకుండానే సైకిలెక్కాడు.

మిల్లు రైలు పట్టాలకు అవతల. క్వార్టర్ల నుంచి మగ్గాల చప్పుడు ఎప్పుడూ వినపడుతూనే ఉంటుంది. అలవాటైన వాళ్లకు అది చప్పుడుగా తెలియదు. ఆ పొద్దు నాకు అది తప్ప ఇంకేమీ వినపడలేదు. మగ్గాలు ఆడుతున్నంతసేపు గాలి పైపులు ఎవరూ ముట్టరు. మగ్గాలు ఆడుతున్నంతసేపు నా తమ్ముడు బతికి ఉంటాడు. ఆడనీ, ఇంకొంచెంసేపు ఆడనీ అనుకుంటూ వాకిట్లో నిలబడ్డాను.  చక్రం ఇంకా నా కాళ్ల దగ్గరే ఉంది.

కట్టమ్మ తన గడప మీదికి వచ్చింది.

“కూత ఇంక పడలేదు గదా. ఎందుకట్ల నిలబడ్డవు?”

“మా కొమురెల్లి కాగుల ఉన్నడు,” అన్నాను. “ఆవిరి ఆగదట. ఆయన పోయిండు.”

ఇంతకంటె చెప్పలేకపోయాను. కట్టమ్మ నా కాళ్ల దగ్గరి చక్రాన్ని చూసింది. వచ్చి నా భుజం పట్టుకుంది. ఆమె చెయ్యి చల్లగా ఉంది.

“నువ్వు పో. ఇంటికాడ నేనుంట. నేను ఆ మిల్లు గేటు కాడికి రాను బిడ్డా, నాతోని కాదు. నువ్వు పో.”

చెప్పులు కూడా వేసుకోలేదు. తంగేడు పూలు అంటిన చేతులతోనే నడిచాను, కొంత దూరం పోయాక ఉరికాను. రైల్వే గేటు పడి ఉంది. గూడ్సు బండి కదలకుండా అడ్డంగా నిలబడి ఉంది. మా ఆయన సైకిలు గేటు పక్కన పొదలో పడి ఉంది. ఆయన ఎటు పోయాడో అర్థమయింది. డబ్బాల మధ్య నుంచి దూరి అవతలికి పోయి ఉంటాడు. నేను వంగి చూశాను. ఒకవేళ బండి కదిలితే?  గేటు కాడి మనిషి అరుస్తూనే ఉన్నాడు. కొంగు నడుముకు చుట్టుకొని రెండు డబ్బాల మధ్య గొలుసు పట్టుకొని దాటాను.

దాటుతుండగా కూత పడింది.

దసరా అని ఆ రోజు కూత పొడుగ్గా వేశారు. నా చెవుల్లో అది ఎప్పటికీ ఆగదేమో అనిపించింది. అది ఆగాక ఒక్కటొక్కటిగా మగ్గాలు నిలిచిపోవడం వినపడింది. చివరికి నిశ్శబ్దం. ఆ ఊళ్లో కాపురానికి వచ్చినప్పటినుంచి నేనెరగని నిశ్శబ్దం. దాని వెనకనే, సన్నగా, చాలా గొట్టాల నుంచి ఒక్కసారే గాలి ఊదుతున్న చప్పుడు మొదలైంది.

మిల్లు గేటు దగ్గర జవాను చెయ్యి అడ్డం పెట్టాడు.

“ఆడోళ్లకు లోపలికి లేదమ్మా.”

“మా ఆయన వచ్చిండా?”

“సూపర్‌వైజర్ సాబా? ఇగో ఇప్పుడే ఉరుక్కుంట పోయిండు. చెప్పుల్లేవు, గుండీల్లేవు. ఇంట్ల ఏమన్న లొల్లి అయిందా?”

 గేటు ఊచల్లోంచి గుడ్డను తెల్లబరిచే కాగు షెడ్డు కనపడుతున్నది. ఆ రోజు కాగు చల్లగా ఉండాలి. పైన కిటికీల్లోంచి ఏమీ రాకూడదు. నేను ఆ కిటికీలనే చూస్తూ ఊచలు పట్టుకున్నాను. మొదట ఏమీ రాలేదు. తర్వాత ఒక కిటికీలోంచి తెల్లగా ఒక పాయ బయటికొచ్చింది. పొయ్యి మీది గిన్నె నుంచి వచ్చినంతే. చూస్తుండగానే అది లావైంది. అన్ని కిటికీల్లోంచి వచ్చింది. లోపల ఎవరో అరిచారు.

నేను అరిచానో లేదో నాకు గుర్తు లేదు. అరిచానని జవాను తర్వాత చెప్పాడు. ఊచల నుంచి నా చేతులు ఊడదీయడానికి ఇద్దరు మనుషులు కావలసి వచ్చిందట.

షెడ్డు తలుపులోంచి ఇద్దరు బయటికొచ్చారు. ఒకరు ఇంకొకరిని చంకల కింద పట్టి ఈడ్చుకొస్తున్నారు. ఈడ్చేది మా ఆయన. కిందివాడి జుట్టంతా చెదిరి ఉంది, ఒక కాలు నేల మీద ఆన్చడం లేదు. అతని నోరు కదులుతున్నది. ఏదో అంటున్నాడు. బతికున్నవాళ్లే మాట్లాడతారని అనుకోబోయాను గాని మొగిలయ్య కూడా మాట్లాడాడని గుర్తొచ్చి గేటు ముందే కూలబడ్డాను.

కాగు పైమూత దగ్గరికి ఎక్కి మా ఆయన లోపలికి కేక వేశాడట. కొమురెల్లి కిందినుంచి నవ్వి, సున్నం ఇంకా సగముంది బావా అన్నాడట. ఇంకో మాటకు వ్యవధి లేదని ఈయన కాగులోకి నడుము దాకా వంగి, వాడి జుట్టు పట్టి గుంజాడు. వాడు నొప్పికి తట్టుకోలేక నిచ్చెన ఎక్కాడు. ఒక కాలు బయటపడి, ఇంకోటి కడపటి మెట్టు మీద ఉండగా కింద బుస్సుమంది. ఆ కాలే కాలింది. చీలమండ నుంచి వేళ్ల దాకా.

“పండుగకు హజామతు చేయించుకొని జుట్టు తగ్గించుకొమ్మన్నవు గదక్కా,” అన్నాడు కొమురెల్లి, గేటు దాకా తెచ్చి కూర్చోబెట్టాక నన్ను చూసి. పెదవులు తెల్లగా ఉన్నాయి. “చేయించుకుంటె బావకు దొరకకపోదును.”

జట్కా కోసం మనిషిని పంపారు. అంతలో మేనేజరు గారు వచ్చారు. పండుగ బట్టల్లో ఉన్నారు. షెడ్డు వైపు, కొమురెల్లి కాలు వైపు చూశారు.

“కాగులకు దిగమని ఎవరు చెప్పిండ్రు వీనికి?”



“ఎవరు చెప్పలే సార్,” అన్నాడు మా ఆయన.  “ఏటేట దిగుతాండ్రు. నేనే అడగలే. సిలిండరు చిన్నది పెట్టిన. గాలి తక్కువున్నప్పుడు లెక్క చూడలే. అది నా తప్పు.”

“గాలి పైపులు బంద్ పెడితె మళ్ల మూసుకుంటదా?”

“మూసుకుంటది. ఎవడన్న ఒక పైపు ఇప్పంగనే మళ్ల తెరుచుకుంటది.”

“రేపు పూజ ఉన్నది రాంచందర్.”

“పూజ చెయ్యుండ్రి సార్. ఆ సిలిండరు మీద నమ్మకం పెట్టుకొని మాత్రం ఎవ్వరిని లోపలికి దింపకుండ్రి.”

దవాఖానలో కాలికి మందు రాసి కట్టుకట్టారు. వేళ్లు ఉంటాయా పోతాయా అన్నది వారం దాటితే గాని చెప్పలేమన్నారు. మా ఆయన అక్కడే ఉండిపోయాడు. నేను సాయంత్రం ఇల్లు చేరాను. మైదానంలో ఆడవాళ్లు అప్పటికే చప్పట్లు కొడుతూ పాడుతున్నారు. వంటింట్లో పారిన నీళ్లు తుడిచి ఉన్నాయి. బిందె నింపి, మామూలు పీట మీద పెట్టి ఉంది. దాని పక్కన పళ్లెంలో నా బతుకమ్మ. నేను నాలుగు వరుసలు పేర్చి వదిలేసిన దాన్ని ఎవరో శిఖరం దాకా పేర్చి, పైన పసుపు ముద్ద పెట్టారు.

కట్టమ్మ తన ఇంటి గడప మీద కూర్చొని ఉంది.

“ఎట్లుంది పిల్లగానికి?”

“కాలు కాలింది. ప్రాణానికి భయం లేదన్నరు.”

కట్టమ్మ తల ఊపింది. చాలాసేపు ఊపుతూనే ఉంది. తర్వాత గొంతు తగ్గించి, “నేను పేర్చిన్నని ఎవరికి చెప్పకు,” అంది. మొగుడు పోయినప్పటినుంచి ఆమె పూలు ముట్టలేదు. నేను ఆ బతుకమ్మను ఎత్తుకొని మైదానానికి పోయి అందరి మధ్య పెట్టాను. ఎవరికీ చెప్పలేదు.

కొమురెల్లి వేళ్లు దక్కాయి. చలికాలం దాకా కుంటుతూ నడిచాడు. మా ఆయన మళ్లీ గచ్చు మీద కూర్చున్నాడు. ఈసారి లెక్కకు ముందు అన్ని గాలి పైపులూ ఒక్కసారే ఇప్పించి గేజు చూసి వచ్చాడు. స్ప్రింగు రకం, ఆరంగుళాల కంటె పెద్దదే కావాలని బొంబాయికి రాశారు. అది చాలదని సిలిండరుకు ముందే పైపు మీద చేత్తో తిప్పే పాత వాల్వునొకదాన్ని బిగిస్తామన్నాడు. స్టోర్లో ఆ సైజు వాల్వు ఉందట, చక్రమే లేదట.

“మన చక్రం దానికి పడుతదా?” అని అడిగాను.

“పడుతది. ఇగ లోపలికి దిగాలంటె ముందు చక్రంతోని బిగించాలె. గాలి మొత్తం పోయినా ఏం కాదు.”

నేను అన్నం వారుస్తున్నాను. చెయ్యి ఆగింది. ఆ వానాకాలం మూడు వందల అంకె దగ్గర ఆగినట్టే. ఈసారి నోరు మూసుకోలేదు.

“కొమురెల్లి లోపల ఉన్నప్పుడు తెలువనోడెవడన్న వచ్చి ఆ చక్రం ఇప్పితే?”

ఆయన సుద్దముక్క పట్టుకొని నావైపు చూశాడు. గోడకు ఆనుకున్న కొమురెల్లి కూడా చూశాడు. ఈసారి భయపెడుతున్నానని అనలేదు.

“చక్రం ఊడదీసుకొని నేనే లోపలికి తీసుకపోతా,” అన్నాడు తమ్ముడు. “ఎవడు ఇప్పుతడో చూస్తా.”

మా ఆయన ఆలోచించి, అదే పద్ధతి పెడదామన్నాడు.

మరుసటి ఏడు సద్దులనాడు కొమురెల్లి పొద్దున్నే లేచి పనికి పోయాడు. మా ఆయన కూడా వాడి వెంటే పోయాడు. నేను బతుకమ్మ పేరుస్తుంటే కట్టమ్మ వచ్చి వంటింటి గుమ్మం దాటి, పక్కన కూర్చొని గునుగు పూల కాడలు కోసి ఇచ్చింది. తొమ్మిది కూత పడింది. మగ్గాలు ఆగాయి. మా ఇద్దరి చేతులూ ఆగాయి. ఆ చప్పుడు లేనితనంలో, చీకటి కాగు అడుగున చక్రాన్ని కాళ్ల దగ్గర పెట్టుకొని గోడలు గీకుతున్న నా తమ్ముణ్ని తలుచుకుంటూ, నల్లాలోంచి సన్నగా పడుతున్న నీళ్లను చూస్తూ కూర్చున్నాను. కట్టమ్మ కూడా లేచి గడప దాకా పోలేదు.

మధ్యాహ్నం వాకిట్లో చెప్పుల చప్పుడు, వెంటనే కొమురెల్లి గొంతు వినపడేదాకా మేమిద్దరం ఒక్క పువ్వూ పేర్చలేదు.